ఎర్ర చీటీ

అక్షరాలు యాభై ఎనిమిదో ఏట నేర్చుకున్నదాన్ని. ఒత్తు పడాల్సిన చోట పడకపోయినా, దీర్ఘం ఉండాల్సిన చోట లేకపోయినా మనసులో సరిచేసుకుని చదువుకోండి. కొన్ని తప్పులు మా కోడలు దిద్దింది, దిద్దలేక కొన్ని వదిలేసింది. ఒక పేజీ నింపడానికి నాకు ఒక పూట పడుతుంది. ఇది రాసేసరికి వానాకాలం వచ్చి వెళ్లిపోయింది. ‘నేను’ అని మొదలుపెడితే సిగ్గు అడ్డం వచ్చి చెయ్యి ఆగిపోయేది. ‘ఆమె’ అని రాస్తే కాస్త కదిలింది. అందుకని అలాగే ఉంచేశాను.

ఆమె పనిచేసే ఆవరణలో చిన్నా పెద్దా అందరూ ఆమెను పిన్ని అనే పిలిచేవారు. సోమవారం పొద్దున పిన్ని కడుగుడు గదిలో మోచేతుల దాకా నీళ్లలో ఉంది. చేతిలో మూరెడు స్టీలు గొట్టం. వేడినీళ్లూ సబ్బుతో ఒకసారి, వడగట్టిన శుద్ధమైన నీళ్లతో మూడుసార్లు కడగాలి. తరవాత నైట్రోజన్ వాయువు కొట్టి ఆరబెట్టాలి. ఆపైన తెల్లగుడ్డ ఒక కొసన దూర్చి రెండో కొస నుంచి లాగి, కిటికీ వెలుతురులో ఎత్తి చూడాలి. ఈగ కాలంత మచ్చ కనిపించినా గొట్టం మళ్లీ మొదటి తొట్టిలోకే.

“ఇంకా అవ్వలేదా అక్కా?” గాజు తలుపు అవతలి నుంచి ఫిట్టరు అరిచాడు. జేబులోంచి ఎప్పుడూ ఒక పానా తొంగిచూస్తుంటుంది కనక అతన్ని అందరూ పానా అనేవారు. “ఒక్క గొట్టానికి నువ్వు పోసే నీళ్లతో నేను నెల్లాళ్లు స్నానం చేస్తా.”

“నువ్వు నెలకోసారే చేస్తావు కాబట్టి సరిపోతాయిలే. వేళ్లు!”

తలుపు సందులోంచి లోపలికి వస్తున్న చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. ఆ గది దగ్గర పిన్ని రోజుకు ఇరవైసార్లు అనే మాట అది. ఇంజినీర్లయినా, పెద్దవాళ్లయినా, ‘వేళ్లు’ అనగానే చేతులు కట్టుకునేవారు.

ఎందుకో ఆమె చేరిన మొదటి వారంలోనే పానా చెప్పాడు. వాళ్లు చేస్తున్నది రాకెట్ ఇంజిన్. దానికి రెండు పానీయాలు. ఒకటి మీథేన్: పేడ గుంటల్లోంచి బుడగలు బుడగలుగా వచ్చే గ్యాసే. చల్లబరిచి, ఇంకా చల్లబరిచి నీళ్లలా చేస్తారు. రెండోది ఆక్సిజన్, అదీ అలాగే నీళ్లయిపోయి లేత నీలం రంగులో ఉంటుంది. “ఈ నీలం నీళ్లున్నాయే, వీటికి జిడ్డంటే పడదక్కా. గొట్టంలో ఎక్కడో వేలిముద్రంత నూనె ఉందనుకో, స్టీలే కాగితంలా అంటుకుంటుంది.”

“ఇంత గొడవ దేనికి? రాకెట్లు ముందు నుంచీ ఎగురుతూనే ఉన్నాయిగా?”

“వీటికి మసి పట్టదు. ఆర్పి మళ్లీ వెలిగించుకోవచ్చు. పైగా అంగారకుడి మీద దిగామనుకో, అక్కడి గాలీ, అక్కడి మంచూ వాడుకుని అక్కడే మీథేన్ చేసుకోవచ్చట. తిరుగు ప్రయాణానికి ఇక్కణ్నుంచి మోసుకెళ్లక్కర్లేదు.”

దిగిన చోటే పొయ్యి వెలిగించుకునే ఇంజిన్. ఆ మాట పిన్నికి నచ్చింది. ఆ రోజు నుంచీ ఆ ఇంజిన్ మీద ఆమెకు సొంత మనిషి మీద ఉండేంత పట్టింపు వచ్చింది.

ఇంతవరకూ అది ఇరవై సెకన్లకు మించి మండలేదు. వచ్చే శనివారం మూడు నిమిషాలు మండించి, ఆర్పి, మళ్లీ వెలిగించాలి. ఆవరణంతా ఆ ఒక్క మాటే. టీ గ్లాసు పట్టుకున్నవాళ్లూ, మెట్లెక్కుతున్నవాళ్లూ ‘మూడు నిమిషాలు’ అనే అనుకుంటున్నారు.

పదకొండింటికి కార్డుల సారు వచ్చాడు. తనిఖీ ఆయన పని. గది మూలన చీకటి అరలో గొట్టం పెట్టి నల్లదీపం వేశాడు. ఆ దీపం వెలుగు కంటికి కనపడదు గానీ నూనె మరక ఉంటే దాని కింద మిణుగురులా మెరుస్తుంది. ఏమీ మెరవలేదు. సారు కార్డు తీసి ‘కడిగినవారు’ అన్న గడిలో ఒక సంతకం, ‘తనిఖీ చేసినవారు’ అన్న గడిలో ఇంకో సంతకం పెట్టాడు. రెండూ ఆయనవే. మూడేళ్లుగా అంతే.

కలం మూతపెట్టి గొంతు సవరించుకున్నాడు.

“పిన్నీ, ఆదివారం ఒకటో తారీఖుగా. ఆ రోజు నుంచి కొత్త పద్ధతి. కడిగినవాళ్లే ఆ గడిలో సొంతంగా పేరు రాయాలట. వేలిముద్ర చెల్లదు.”

“మరి నేనో సారూ?”

“నీకేం, వసారాలూ మెట్లూ ఉన్నాయి. ఈ నీళ్లలో నానే బాధ తప్పుతుంది. నీ మంచికే.”

పిన్ని గొట్టాన్ని సంచిలో పెట్టి, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి, మూతి వేడిచేసి అంటించింది. అంటుకుందో లేదో రెండుసార్లు లాగి చూసింది.

“మూడేళ్లుగా ఎక్కడా వేలిముద్ర పడకుండా చూసుకోవడమే నా పని సారూ,” అంది. సారు నవ్వేసి వెళ్లిపోయాడు. అది ఆయనకు హాస్యంలా వినబడింది.

మంగళవారం పొద్దున ఇంట్లో గ్యాసు పొయ్యి పక్కనే, పప్పు డబ్బా మీద కాగితం పెట్టుకుని పిన్ని తన పేరు రాస్తోంది. కోడలు బస్సు కండక్టరు. డిపోలో పారేసే పాత లెక్కల కాగితాలు తెస్తుంది. వాటి వెనక వైపు పిన్ని పలక. ఎనిమిది నెలలుగా సాగుతున్న ఈ చదువు సంగతి పనిచేసే చోట ఎవరికీ తెలియదు.

“అత్తయ్యా, కలాన్ని గొంతు పిసికినట్టు పట్టుకోకండి. అది ఎక్కడికీ పారిపోదు.”

“నీకేమ్మా, అలవాటైన చెయ్యి.”

“మీ సారుకి చెప్పొచ్చుగా రాయడం వచ్చని?”

“వచ్చని ఎట్లా చెప్తాను? నా పేరు రాసేలోపు టీ చల్లారిపోతుంది.”

“చల్లారితే వేడిచేసుకుంటాం,” అంటూ కోడలు టిక్కెట్ల సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. “మీరు చెప్పకపోతే నేనొచ్చి చెప్తా. బస్సు మీ గేటు ముందు నుంచే పోతుంది, గుర్తుంచుకోండి.”

పిన్ని కలం పక్కన పెట్టి బొటనవేలు చూసుకుంది. భర్త పోయినప్పుడు ఏవేవో కాగితాల మీద బొటనవేలు నొక్కించుకున్నారు. ఆ సిరా ఎంత రుద్దినా మూడు రోజులు పోలేదు. ఇప్పటికీ వేలు చూసుకుంటే అదే గుర్తొస్తుంది.

బుధవారం ప్రధాన ఆక్సిజన్ వాల్వు ఆమె బల్ల మీదకు వచ్చింది. కొబ్బరికాయంత ఉంటుంది. ఆక్సిజన్ అంతా దాని గొంతులోంచే ఇంజిన్‌లోకి దూకాలి. పాత గ్లోవ్స్ ముందురోజే అయిపోయాయి. కొత్త డబ్బా తెరిచి తొడుక్కుంది. ఇవి చేతికి వెన్నలా జారుతూ ఎక్కాయి. ‘పోన్లే, పాతవాటితో రోజూ కుస్తీ పట్టాల్సి వచ్చేది’ అనుకుంది.

కడిగింది, ఆరబెట్టింది, అటూ ఇటూ తిప్పి చూసింది. సంచిలో పెట్టే ముందు అలవాటు కొద్దీ ఇంకో చెంబెడు శుద్ధమైన నీళ్లు పోసింది. ఏ కార్డులోనూ లేని అలవాటు అది. ఇంట్లో గిన్నె నిజంగా వదిలిందో లేదో ఎట్లా చూస్తుందో ఇక్కడా అలాగే చూస్తుంది. జిడ్డు లేని స్టీలు మీద నీళ్లు దుప్పటిలా ఒక్కటిగా పరుచుకుని జారిపోవాలి.

దుప్పటి చిరిగింది. వాల్వు భుజం మీద నీళ్లు వెనక్కి ముడుచుకుని చుక్కలు చుక్కలుగా నిలబడ్డాయి.

మళ్లీ మొదటి తొట్టి. మళ్లీ మూడు నీళ్లు. మళ్లీ చుక్కలు, ఈసారి ఇంకో చోట. పిన్ని వాల్వును పక్కన పెట్టి తన చేతుల వంక చూసుకుంది. ఒక స్టీలు రేకు తీసి వట్టి పట్టకారుతో పట్టుకుని కడిగింది. నీళ్లు చక్కగా పరుచుకున్నాయి. గ్లోవ్ తొడిగిన అయిదు వేళ్లూ దాని మీద ఆనించి తీసింది. మళ్లీ నీళ్లు పోసింది. అయిదు వేళ్ల చోట అయిదు చుక్కలు.

కార్డుల సారు వచ్చి నల్లదీపం వేశాడు.

“చూడు. చీకటి. ఒక్క మెరుపు లేదు.”

“నీళ్లు ఒప్పుకోవట్లేదు సారూ.”

“నీళ్లు ఒప్పుకోవాలని ఏ కార్డులో ఉంది?”

“ఈ కొత్త గ్లోవ్స్‌కి ఏదో పూత ఉంది. దీపానికి దొరకట్లేదు.”

“ఆ గ్లోవ్స్ తీసుకునే ముందు నేనే దీపం కింద పెట్టి చూశాను పిన్నీ. నీ పని కడగడం, నా పని చూడడం. ట్యాంకర్లు వచ్చేశాయి, ఆక్సిజన్ గంటగంటకీ ఆవిరైపోతోంది. ఇప్పుడు నీళ్ల చుక్కలు లెక్కపెడుతూ కూర్చుంటామా?”

రెండు గళ్లలోనూ రెండు సంతకాలు గీకి, పానాను పిలవమని చెప్పి వెళ్లిపోయాడు.

తలుపు పక్కన మేకుకి ఎర్ర చీటీల కట్ట వేలాడుతోంది. ఆ ఆవరణలో ఒక ఆనవాయితీ ఉంది. పెద్ద ఇంజినీరు దగ్గర నుంచి నేల తుడిచే మనిషి దాకా ఎవరైనా సరే, ఏ భాగానికైనా ఎర్ర చీటీ కట్టి పని ఆపొచ్చు. కారణం రాసి పేరు పెట్టాలి. కట్టిన మనిషే విప్పాలి. ఆ మనిషి విప్పేదాకా ఎంతటివాళ్లయినా ఆ భాగాన్ని ముట్టుకోకూడదు. కడుగుడు గదిలో ఆ కట్ట మీద మూడేళ్ల దుమ్ము ఉండాల్సింది. పిన్ని రోజూ తుడవబట్టి లేదు.

ఒక చీటీ లాగింది. గ్లోవ్స్ విప్పింది. ముక్కాలిపీట మీద కూర్చుంది.

పానా వచ్చేసరికి ఆమె ‘నీళ్లు’ దగ్గరే ఉంది.

“ఏం చేస్తున్నావక్కా?”

“రాస్తున్నా. పలకరించకు, అక్షరం పోతుంది.”

పానా ఒంగి చూశాడు. అతని నోటికి ఏ హాస్యమూ రాకపోవడం పిన్ని చూడడం అదే మొదటిసారి. మెల్లిగా అన్నాడు: “చెప్పు, నేను రాసిపెడతా.”

“నువ్వు రాస్తే అది నీ చీటీ అవుతుంది. వాళ్లు గట్టిగా అడిగితే నువ్వు విప్పేస్తావు. వద్దు.”

పావుగంట పట్టింది. *నీళ్లు పరుచుకోలేదు. కొత్త గ్లోవ్స్‌కి జిడ్డు. దీన్ని పెట్టొద్దు.* కింద పేరు. చివరి అక్షరం చోటు చాలక కిందికి వాలింది. వాల్వు మెడకి చీటీ కట్టి, ముడి మీద ముడి వేసింది. ముడి బిగించాక గానీ గుర్తుకు రాలేదు. తప్పయితే వసారాలు కూడా ఉండవు. మూడు నిమిషాల ఇంజిన్‌ని ఆపేసిన మనిషిగా గేటు బయటికి నడవాలి.

అరగంటలో గదిలో తొమ్మిది మంది. ముందు ఇంజిన్ మేడం. ఆ ఇంజిన్‌కి మొదటి గీత గీసిన రోజు నుంచీ దానితోనే ఉన్న మనిషి. కళ్లజోడు మెడలో తాడుకి వేలాడుతుంటుంది, చదవడానికి మాత్రం ఎప్పుడూ వెతుక్కుంటుంది.

కార్డుల సారు చీటీ చూసి మండిపడ్డాడు. “మేడం, ఇది పిన్ని రాసింది కాదు. ఆమెకు రాయడమే రాదు. ఎవరో ఆడిస్తున్నారు. మూడేళ్లుగా కార్డుల మీద ఆమె గడిలో కూడా నేనే సంతకం పెడుతున్నా!”

అని, ఆగిపోయాడు. మేడం కళ్లజోడు పెట్టుకుని ఆయన వైపు తిరిగింది.

“రెండు గళ్లలోనూ మీరేనా?”

సారు చేతిలో కార్డు వెనక్కి దాచుకున్నాడు. మేడం చీటీ చూపిస్తూ పిన్ని వైపు తిరిగింది.

“ఇది మీరే రాశారా పిన్నీ?”

“నేనేనమ్మా. ఎనిమిది నెలలుగా నేర్చుకుంటున్నా. నమ్మకం లేకపోతే మళ్లీ రాస్తా. కాకపోతే ఇంకో పావుగంట పడుతుంది.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేడం కూడా పెదవి బిగబట్టింది. “రాయక్కర్లేదు. చూపించండి.”

పిన్ని రేకు కడిగి చూపించింది. దుప్పటి. గ్లోవ్ తొడుక్కుని అయిదు వేళ్లు ఆనించింది. చుక్కలు. మేడం తనూ ఒక గ్లోవ్ తొడుక్కుంది, తనూ బొటనవేలు ఆనించింది, చెంబు అందుకుని తనే నీళ్లు పోసింది. రేకు నడుమ బొటనవేలంత దీవి.

“సిలికాన్,” అంది మేడం. “తొడుక్కోవడం సులువుగా ఉంటుందని లోపలా బయటా పూసి ఉంటారు. ఇది నల్లదీపం కింద మెరవదు.” గ్లోవ్‌ని రెండు వేళ్లతో పట్టుకుని విప్పింది. “శుభ్రం కోసం తొడుక్కున్నదే మనకి జిడ్డు పూసింది. ఈ డబ్బా తెరిచాక ఎన్ని భాగాలు ముట్టుకున్నాం?”

పానా వేళ్లు మడిచాడు. “బిగించినవాటితో కలిపి పదిహేడు.”

“అన్నీ కడగాలంటే ఎన్నాళ్లు పడుతుంది పిన్నీ?”

“ఒక్కదాన్నయితే పది రోజులు.”

“ఆక్సిజన్ ఆదివారం మధ్యాహ్నం దాకా ఆగుతుంది, అంతే. అందరం చెయ్యి వేస్తే?”

పిన్ని ఆ తొమ్మిది జతల చేతుల వంకా వరసగా చూసింది.

“గోళ్లు కత్తిరించుకుని రండి.”

గురువారం నుంచి కడుగుడు గది కిటకిటలాడిపోయింది. ఇంకో నాలుగు తొట్లు తెచ్చి వసారా పొడుగునా పేర్చారు. మంటలో వేడి ఎంతో, పంపు ఎంత జోరుగా తిరగాలో లెక్కలు కట్టే చేతులు సబ్బునీళ్లలో మునిగాయి. పాత రకం గ్లోవ్స్ ఎక్కడెక్కడి బీరువాల్లోంచో తవ్వి తెచ్చారు. పిన్ని నడుమ నడుస్తోంది.

“మోచెయ్యి ఆనించకు నాయనా. నువ్వమ్మా, గొట్టం లోపల కూడా ఉంటుంది, బయట మెరిస్తే సరిపోదు. మళ్లీ!”

“పిన్నీ, ఇది నాలుగోసారి!” అంది పంపుల లెక్కలు కట్టే అమ్మాయి.

“అయిదోసారికి అలవాటైపోతుంది.”

“మా ఇంట్లో గిన్నెలు కూడా ఇంతగా కడగలేదు పిన్నీ.”

“అందుకే మీ ఇంటికి భోజనానికి రాలేదు.”

వసారా అంతా ఘొల్లుమంది. ఒక్కో భాగం మీద నీళ్లు పరుచుకున్నప్పుడల్లా ఈల ఒకటి మోగేది. శుక్రవారం సాయంత్రానికి తొమ్మిది ఈలలు. శనివారం మధ్యాహ్నానికి పదహారు. ఇంట్లో కోడలు ఈ సంగతి విని అన్నం గరిటె పట్టుకునే నిలబడిపోయింది. “ఇంజినీర్లని నీళ్లలో నిలబెట్టారా అత్తయ్యా! అయ్యో, బస్సు ఆపి చూడాల్సింది!”

పదిహేడోది ఎర్ర చీటీ కట్టిన వాల్వు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. శనివారం రెండింటికి కార్డుల సారు వచ్చి పిన్ని ముందు రెండు చేతులూ చాపాడు. గోళ్లు మొదలంటా తీసి ఉన్నాయి.

“కడగడానికి మాత్రం విప్పు పిన్నీ. నేను కడుగుతా.”

పిన్ని చీటీ విప్పి తన జేబులో పెట్టుకుంది. సారు కడిగాడు. ఆమె నీళ్లు పోసింది. ఒక అంచున చిన్న చుక్క. “మళ్లీ సారూ.” మళ్లీ కడిగాడు. ఇంకో చుక్క, ఆవగింజంత. సారు నొసటి మీద చెమట మోచేత్తో తుడుచుకోబోయి, ఆమె చూపు చూసి ఆగిపోయాడు. మూడోసారి గంటన్నర పట్టింది. నీళ్లు భుజం మీంచి మెడ మీంచి ఒక్కటిగా, చప్పుడు లేకుండా జారిపోయాయి. ఈల వెయ్యడానికి అప్పటికి అక్కడ ఎవరూ లేరు.

ఆదివారం, ఒకటో తారీఖున, తెల్లవారుజామునే వాల్వు బిగించబోయే ముందు సారు కార్డు బల్ల మీద పెట్టాడు. ‘కడిగినవారు’ గడిలో తన పేరు రాశాడు. కలం ఆమె వైపు తిప్పాడు.

“తన పని తనే తనిఖీ చేసుకోకూడదు. అదీ కొత్త పద్ధతే. రెండో గడి నీది.”

పిన్ని ఆయన ముఖంలోకి చూసింది. హాస్యం కాదు. ముక్కాలిపీట లాక్కుంది. ఆమె రాస్తున్నంతసేపూ సారు రెండు టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె పేరు పూర్తయ్యాక ఒకటి చాపాడు.

“చల్లారిపోయింది.”

“పర్లేదు సారూ,” అని ఆమె గుక్కెడు తాగేసింది.

మధ్యాహ్నం పన్నెండుకి అందరూ మందపాటి గోడల గదిలో చేరారు. అడుగు మందం ఉన్న అద్దం అవతల, వంద అడుగుల దూరంలో, ఇంజిన్. గొట్టాలన్నిటికీ తెల్లటి మంచు పట్టింది. సన్నటి పొగ నేల మీద పాకుతోంది. పిన్ని చూపు ఒక్క వాల్వు మీదే. ఇన్నాళ్లూ ఏం మండినా ఏం పేలినా అది వేరేవాళ్ల పేరు. ఇవాళ తన పేరు ఆ మంచులో, ఆ మెడ దగ్గర ఉన్నట్టే ఉంది. అది కాలిపోతే అందరూ చదువుతారు.

“పది... తొమ్మిది...” స్పీకరులో మేడం గొంతు.

పానా పిన్ని పక్కకి చేరాడు. “ఊపిరి తీసుకో అక్కా. ఇంజిన్‌కి కావాలి ఆక్సిజన్, నీకు కూడా కావాలి.”

ఒక్క క్షణం ఏమీ లేదు. మరుక్షణం ఇంజిన్ నోట్లోంచి మంట కత్తిలా సూటిగా దూకింది. నారింజ కాదు, ఎరుపు కాదు. ఊదా కలిసిన నీలం. దాని నడుమ వెలుగు ముడులు వరసగా, గుచ్చిన పూసల్లా, కదలకుండా నిలబడ్డాయి. చప్పుడు చెవుల్లోకి రాలేదు, పక్కటెముకల్లోకి వచ్చింది.

ఇరవై సెకన్లు దాటాయి. ఎవరూ అరవలేదు. అరవై. పంపుల అమ్మాయి పిన్ని చెయ్యి పట్టుకుంది. నూట ఇరవై. వాల్వు చుట్టూ మంచు అలాగే ఉంది, తెల్లగా, చెక్కుచెదరకుండా. నూట డెబ్బై ఎనిమిది, తొమ్మిది...

మంట చటుక్కున ఆరిపోయింది. నిశ్శబ్దం గోడలా మీద పడింది.

“ఇంకా,” అన్నాడు కార్డుల సారు. “ఇంకా ఉంది. మళ్లీ వెలగాలి.”

నలభై సెకన్లు ఆగాలి. వాళ్లంతా లెక్కపెడుతున్నది పైకే వినబడుతోంది. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. నీలం కత్తి మళ్లీ దూకింది.

అప్పుడు అరిచారు. పానా జేబులోంచి పానా తీసి బల్ల మీద దబదబా బాదాడు. ఇంజిన్ మేడం కళ్లజోడు నెత్తి మీదకి తోసి, ముఖం రెండు చేతుల్లో దాచుకుని, వేళ్ల సందుల్లోంచి మంటనే చూస్తోంది. పిన్ని కూడా ఏదో అరిచింది. ఏమని అరిచిందో ఆమెకే తెలియదు. గేటు బయట రోడ్డు మీద ఒక బస్సు ఆగకుండా హారన్ మోగిస్తోందని తరవాత ఎవరో చెప్పారు.

సోమవారం పొద్దున వాల్వు విప్పి ఆమె బల్ల మీద పెట్టారు. లోపల కాలిందో లేదో చూడాలి. గాజు తలుపు అవతల అందరూ మూగారు, ఇంజిన్ మేడంతో సహా. కార్డుల సారు లోపలే ఉన్నాడు. పిన్ని దీపం వేసి వాల్వు గొంతులోకి చూసింది. నున్నగా, తెల్లగా, తాము పంపినట్టే ఉంది. చెంబెత్తి నీళ్లు పోసింది. దుప్పటి చిరగలేదు.

“అబ్బ!” అంటూ కార్డుల సారు పొంగిపోయి, మూడుసార్లు తాను కడిగిన ఆ వాల్వును ఒక్కసారి నిమరబోయాడు. గ్లోవ్ లేని చెయ్యి.

“సారూ, వేళ్లు!”

సారు చెయ్యి గాల్లోనే ఆగింది. వెనక్కి తీసుకుని, రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు.

పిన్ని ముక్కాలిపీట లాక్కుని, కార్డు ముందుకు జరుపుకుని, కలం మూత తీసింది.

ఇదంతా రాసింది: పిన్ని. వేరే పేరు ఉంది గానీ అది కార్డుల మీద ఉంది, అక్కడ ఉంటే చాలు. వయసు అరవై ఒకటి. బస్సు డిపో వెనక రెండో వీధిలో, కొడుకూ కోడలి ఇంట్లో, మేడ మీద గదిలో ఉంటున్నాను. గాలి అటు నుంచి వీచే రోజుల్లో ఇంజిన్ మోత ఇక్కడికి కూడా వినబడుతుంది.